ప్రాచీనత నభినయించు అచ్చక్షరము: 'కాస్లన్ ఆంటీక్' రూపము, ప్రయోజనము, సాక్ష్యము

ప్రస్తావన

శాసనపరిశోధనము చేయువారికి లిపి తొలి సాక్షి. కాలము చెప్పని శాసనమునకు అక్షరముల తీరునుబట్టి కాలము నిర్ణయింతురు. కాలము చెప్పుకొన్న శాసనమైనను, చెప్పిన కాలమునకును అక్షరముల తీరునకును పొత్తు కుదరనిచో దానిని కూటశాసనమని శంకింతురు. ఏ రాజు పేర తామ్రపత్రము వెలువడినట్లు కలదో, ఆ రాజు తరువాత రెండు మూడు వందల ఏండ్లకుగాని పుట్టని అక్షరరూపము అందు కనబడినచో, ఆ పత్రము తన రహస్యమును తానే చెప్పుకొన్నదగును. ఏ లేఖకునికైనను తన కాలపు వ్రాతను పూర్తిగా దాచుకొనుట దుష్కరము. లిపిసాక్ష్యమునకు అంతటి విలువ కలుగుటకు ఇదియే కారణము.

అచ్చుపుస్తకముల విషయమున ఈ నియమము అంత సులభముగా చెల్లదు. చేతివ్రాత వ్రాయువానితో పుట్టి వానితోడనే పోవును. అచ్చక్షరము అట్టిది కాదు. ఒకసారి ఉక్కుపై చెక్కిన అక్షరమును, చెక్కినవాడు పోయిన నూరేండ్లకును లోహమున పోతపోసి వాడవచ్చును. ఇంతకంటె చిక్కైన సంగతి మరియొకటి కలదు. ప్రాచీనముగా కనబడవలెనను కోరికతోనే క్రొత్తగా కల్పించిన అక్షరములు ముద్రణచరిత్రలో పెక్కు కలవు. వానిని చూచినతోడనే చదువరి మనస్సునకు 'ఇది పాతది' అని తోచును. ఆ తోపు కలిగించుటయే వాని ప్రయోజనము.

అట్టి అక్షరములలో పేరుపడిన 'కాస్లన్ ఆంటీక్' అను రోమనుఅక్షరమును మేము ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. దాని పుట్టుక యేది, అది ధరించిన పేరు ఎవరిది, దాని రూపమున ప్రాచీనతాభ్రాంతి యెట్లు కలుగుచున్నది, అది యెక్కడ ఒప్పును, ఎక్కడ ఒప్పదు అను విషయములను వరుసగా చెప్పి, గ్రంథముల కాలనిర్ణయమునకు ఈ విచారము ఎట్లు ఉపకరించునో తుదిని నిరూపింతుము. మా ప్రతిపాదన యిది: వాడుకవలన అక్షరమునకు కలిగిన అరుగుదల సాక్ష్యము, రూపకల్పనలో చేర్చిన అరుగుదల అలంకారము. ఈ రెంటి భేదమును పుటమీదనే కనిపెట్టవచ్చును.

ముందుగా ఒక పారిభాషికపదమును వివరింపవలసియున్నది. రోమనుఅక్షరముల గీతల కొసలయందు చిన్న అడ్డుపుల్లవంటి భాగము కనబడును. దానిని సెరిఫు అందురు. ఇది మన తలకట్టు వంటిదని భ్రమపడరాదు. తలకట్టు వర్ణబోధకమైన అవయవము. దాని స్థానమున గుడి వచ్చినను ఏత్వము వచ్చినను వర్ణము మారును. సెరిఫు ఉన్నను లేకున్నను రోమనువర్ణము మారదు. అర్థముతో దానికి ముడి లేదు కనుకనే అక్షరశిల్పికి అక్కడ స్వేచ్ఛ యెక్కువ. ఒక కాలపు అభిరుచి మరియొక కాలపు అభిరుచినుండి వేరుపడుట సెరిఫునందే ముందుగా తెలియుటకు ఇదియే హేతువు.

కాస్లన్ ఎవరు?

విలియం కాస్లన్ 1692లో ఇంగ్లండునందలి వూస్టర్‌షైరున జన్మించెను. అతడు మొదట తుపాకుల లోహభాగములపై నగిషీ చెక్కు పనివాడు. ఆనాటి ఇంగ్లీషు ముద్రాపకులు మంచి అక్షరములు కావలసినచో హాలండునుండి తెప్పించుకొనుచుండిరి. 1720లో లండనులోని క్రైస్తవ జ్ఞానప్రచార సంఘమువారు అరబ్బీభాషలో కీర్తనల గ్రంథమును, క్రొత్తనిబంధనమును అచ్చువేయనెంచి, అందుకు వలయు అరబ్బీఅక్షరములను చెక్కు పనిని కాస్లనునకు అప్పగించిరి. ఆ పనితో ఆరంభమైన అతని పోతశాల 1734లో మాదిరిపత్రమును ప్రకటించునాటికి ఇంగ్లండు ముద్రణకు ఆధారమైనది. కాస్లన్ 1766లో మరణించెను.

ఆ సంఘము తెలుగు ముద్రణచరిత్ర చదివినవారికి క్రొత్తది కాదు. ఆ సంఘపు పోషణలో మద్రాసునందు పనిచేసిన బెంజమిన్ షుల్జే, జర్మనీకి తిరిగిపోయిన పిమ్మట, 1746లో హాలే నగరమున తెలుగు పుస్తకమును అచ్చువేయించెను. 1852లో సి.పి. బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసున అచ్చైనదియు ఆ సంఘపు ముద్రాక్షరశాలయందే. కాస్లనుచేత తొలి అక్షరములు చెక్కించిన చేయియే తెలుగు అచ్చునకును కొంత తోడ్పడినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

కాస్లన్ అక్షరమునందు చమత్కారము తక్కువ. ఒక్కొక్క అక్షరమును విడిగా చూచినచో అంత సొగసు కనబడదు. పంక్తిలో కూర్చినచో కన్ను తడబడక సాగిపోవును. ఈ గుణముచేత అది అట్లాంటిక్ సముద్రము దాటి అమెరికా వలసరాజ్యములలోను వ్యాపించెను. 1776 జూలై 4వ తేదీ రాత్రి ఫిలడెల్ఫియాలో జాన్ డన్లప్ అను ముద్రాపకుడు అమెరికా స్వాతంత్ర్యప్రకటనను మొదటిసారి అచ్చువేసినది కాస్లన్ అక్షరములతోనే. ఆ దేశీయుల మనస్సున కాస్లన్ అక్షరమునకును స్వాతంత్ర్యయుగమునకును ముడిపడుటకు ఇది ముఖ్యకారణము. ఈ ముడి మున్ముందు మన కథకు అవసరమగును.

పదునెనిమిదవ శతాబ్ది చివర అభిరుచి మారినది. పార్మానగరమున బొదోనియు, పారిస్‌న దిదో వంశమువారును గీతల సన్నలావుల భేదమును మిక్కిలి పెంచి, సెరిఫులను తీగవలె సన్నగావించి క్రొత్త అక్షరములను కల్పించిరి. చదువరులు వానికి అలవాటుపడిరి. కాస్లన్ అక్షరములు పోతశాల అరలలో నిలిచిపోయినవి.

పాత అక్షరము పునరాగమనము

వాడుకనుండి తప్పిన అక్షరము కొంతకాలమునకు క్రొత్త శక్తిని సంపాదించును. వాడుకలో ఉన్నపుడు అది కేవలము అక్షరము. వాడుక తప్పినపిదప అది గతమునకు గుర్తు. ఈ మార్పు జరిగిన ఘట్టమును నిర్దిష్టముగా చూపవచ్చును.

1844లో లండనున 'లేడీ విలోబీ దినచర్య' అను గ్రంథము వెలువడినది. మొదటి చార్లెస్ రాజు కాలమున, అనగా పదునేడవ శతాబ్దిలో, ఒక కులీనస్త్రీ వ్రాసికొన్నట్లుండు దినచర్య యిది. వాస్తవమునకు దీనిని కల్పించినది హన్నా మేరీ రాత్‌బోన్ అను రచయిత్రి. చార్లెస్ విటింగ్‌హామ్ నడపిన చిస్విక్ ముద్రణాలయము దీనిని కాస్లన్ అక్షరములతో, పాత పుస్తకపు పుటలను తలపించు తీరున అచ్చువేసినది. దీనిని నిజమైన దినచర్యగా నమ్మిన పాఠకులును ఉండిరి.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. మొదటి చార్లెస్ 1649లో మరణించెను. కాస్లన్ పుట్టినది అటుపై నలుబదిమూడేండ్లకు. ఆ దినచర్య వ్రాసినట్లు చెప్పబడు కాలమున ఆ అక్షరము లేదు. అయినను పాఠకులకు ఆ అసంగతము తోచలేదు. వారు చూచినది పదునేడవ శతాబ్ది అక్షరమును కాదు. తమ తాతలనాటి అక్షరమును. 'నేటిది కాదు' అను బుద్ధి కలిగినంతనే 'ఆనాటిది' అను నిశ్చయమునకు వచ్చిరి. ప్రాచీనత నభినయించు అక్షరములన్నిటికిని మూలసూత్రము ఇదియే. అవి ఒకానొక కాలమును చూపవు. వర్తమానము కానిదానిని మాత్రమే చూపును.

ఈ పునరాగమనమునకు రెండవ ఘట్టము విలియం మోరిస్ కృషి. యంత్రముద్రణతో అచ్చు అందము నశించినదని మోరిస్ విశ్వసించెను. 1888లో ఎమరీ వాకర్ ఇచ్చిన ఉపన్యాసమున పాత పుస్తకముల పుటలను పెద్దవి చేసి తెరపై చూపగా, ఆ అక్షరముల నిర్మాణము మోరిస్ మనస్సును ఆకర్షించెను. వెనిస్ నగరమున నికొలాస్ జెన్సన్ 1470 ప్రాంతమున ప్రవేశపెట్టిన రోమనుఅక్షరమును అతడు ఆదర్శముగా గ్రహించెను. జెన్సన్ అచ్చువేసిన పుటల ఛాయాచిత్రములను పెద్దవిగా తీయించి, వానిని పలుమారులు అనుసరించి గీచి, తుదకు తన సొంత రూపమును నిర్ణయించుకొనెను. ఎడ్వర్డ్ ప్రిన్స్ దానిని ఉక్కుపై చెక్కెను. 'గోల్డెన్' అని పేరుపెట్టబడిన ఆ అక్షరముతో కెల్మ్‌స్కాట్ ముద్రణాలయపు మొదటి గ్రంథము 1891లో వెలువడినది.

జెన్సన్ అక్షరముకంటె మోరిస్ అక్షరము నలుపెక్కువ, బరువెక్కువ. కొంతకాలమునకు, 1900లో స్థాపితమైన డవ్స్ ముద్రణాలయమువారు అదే జెన్సన్‌ను ఆదర్శముగా గైకొని, అదే ప్రిన్స్ చేత వేరొక అక్షరమును చెక్కించిరి. అది తేలికగా, సన్నగా నున్నది. ఆదర్శము ఒక్కటి, చెక్కిన చేయి ఒక్కటి. ఫలితములు మాత్రము రెండు. అనుకరణాక్షరము తాను అనుకరించిన కాలమునుగూర్చికాక తన్ను కోరినవారి అభిరుచినిగూర్చియే అధికముగా సాక్ష్యమిచ్చునని దీనివలన తేలుచున్నది.

'పదునైదవ శతాబ్ది' నుండి 'కాస్లన్ ఆంటీక్' వరకు

మోరిస్ ప్రభావము అమెరికాకు వేగముగా వ్యాపించెను. అచటి పోతశాలలు 1890ల దశకమున పాతదనము ఉట్టిపడు అక్షరములను ఒకదానివెంట ఒకటిగా విడుదల చేసినవి. వానిలో చికాగో నగరపు బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ సంస్థవారిది ఒకటి. దాని రూపకర్త బెర్న్ నాడల్. ఆ అక్షరమునకు వారు మొదట పెట్టిన పేరు 'ఫిఫ్టీంత్ సెంచరీ', అనగా 'పదునైదవ శతాబ్ది'. జెన్సన్ కాలమును స్ఫురింపజేయుటయే ఆ పేరుయొక్క ఉద్దేశమని ఊహింపవచ్చును.

ఆ పేరుతో అక్షరము అంతగా అమ్ముడుపోలేదు. ఇంతలో అమెరికాలో కాస్లన్ అక్షరములకు మరల గిరాకి పెరిగినది. స్వాతంత్ర్యప్రకటనతోడి సంబంధమును, ఇంగ్లండున జరిగిన పునరుద్ధరణమును అందుకు తోడైనవి. 1920ల దశకమున సంస్థవారు తమ 'పదునైదవ శతాబ్ది'కి 'కాస్లన్ ఆంటీక్' అని పేరు మార్చిరి. అక్షరము మారలేదు, పేరు మాత్రము మూడు వందల ఏండ్లు ముందునకు జరిగినది. ఈసారి అది జనాదరణ పొందినది.

కాస్లన్ ఆంటీక్ కాస్లన్ కుటుంబములోనిది కాదు. కాస్లన్ చెక్కిన అక్షరములకును దీనికిని వంశసంబంధము లేదు. ప్రసిద్ధుని పేరు తగిలించుటవలన కృతికి గౌరవము కలుగుట సాహిత్యచరిత్ర చదివినవారికి వింత గాదు. ఆంధ్రశబ్దచింతామణి నన్నయ రచనమా కాదా అను వాదము మన పండితుల నెంతకాలము కలవరపెట్టినదో పాఠకు లెరుగుదురు. అచ్చట వాదమునకు ఆధారము భాషయు, సంప్రదాయమును. ఇచ్చట పని సులభము. కాస్లన్ 1734 మాదిరిపత్రమును, కాస్లన్ ఆంటీక్‌తో కూర్చిన పంక్తిని ప్రక్కప్రక్కన పెట్టినచో చాలును. పేరు ఒక్కటే, అవయవము లొకటి కావు.

రూపపరీక్ష

కాస్లన్ ఆంటీక్ అక్షరమును పెద్దదిచేసి చూచినచో మూడు లక్షణములు కనబడును. మొదటిది, దాని బాహ్యరేఖ తిన్నగా ఉండదు. వంకరటింకరగా, అక్కడక్కడ కొరికినట్లు ఉండును. రెండవది, సెరిఫుల కొసలు మొద్దువారి, ఒకదానితో నొకటి సరిపోలక ఉండును. మూడవది, గీతల సన్నలావులకు నియతమైన క్రమము కనబడదు. ఒకే నిలువుగీత పైన సన్నగా, క్రింద లావుగా కానవచ్చును. మొత్తముమీద పలుమారులు అచ్చువేసి అరిగిపోయిన అక్షరమువలె తోచును.

నిజమైన పాత పుటలో ఈ మోటుదనమునకు కారణములు మూడు. అచ్చక్షరములు సీసము, తగరము, అంటిమొని కలిపిన మెత్తని లోహముతో పోసినవి. మాటిమాటికి ఒత్తిడికి గురియై వాని కొసలు అరుగును; కేసులో వేయునపుడును తీయునపుడును దెబ్బతినును. చేతియంత్రముపై అచ్చువేయునపుడు కాగితమును ముందుగా తడిపెడివారు. తడికాగితముపై అక్షరమును గట్టిగా ఒత్తగా సిరా గీతల అంచులకు చిమ్మి వ్యాపించును. గుడ్డపీలికలతో చేతితో చేసిన కాగితము సమతలముగా ఉండదు. కనుక సిరా ఒకచోట ఎక్కువగా, వేరొకచోట తక్కువగా అంటును.

ఈ మూడును అచ్చువేయు క్రియలో పుట్టిన కార్యములు. కాస్లన్ ఆంటీక్ కల్పించినవారు ఆ కార్యమును తెచ్చి అక్షరమునందే నిలిపిరి. క్రొత్త లోహముతో, క్రొత్త యంత్రముపై, నున్నని కాగితముపై అచ్చువేసినను ఆ అక్షరము అరిగినట్లే కనబడును. ఆరంభముననే అది అరిగి పుట్టినది.

భేదమును కనిపెట్టు ఉపాయము ఇక్కడనే యున్నది. కేసులోని ఒకే వర్ణపు అక్షరములు వందలకొలది ఉండును. వానిలో ప్రతియొకటియు తన దెబ్బను తానే తినును. ఒకదాని తల విరుగును, మరియొకదాని కాలు నలుగును. కనుక నిజమైన పాత పుటలో ఒకే వర్ణము పదిచోట్ల పదివిధములుగా కనబడును. కాస్లన్ ఆంటీక్‌తో కూర్చిన పుటలో ఆ వర్ణము ప్రతిచోట ఒకే విధముగా, ఒకేచోట కొరికినట్లుండును. ఒకే అచ్చున తీసిన మట్టిబొమ్మలన్నిటికిని ముక్కు ఒకేచోట చిట్లియున్నచో ఆ లోపము బొమ్మలది కాదు, అచ్చుది. పునరుక్తియే కల్పితమైన అరుగుదలకు లక్షణము.

ఈ నియమమునకు నేటి కాలమున ఒక సవరణ అవసరము. 1996లో ప్రకటితమైన ఓపెన్‌టైప్ విధానముచేత కంప్యూటరు అక్షరములలో ఒకే వర్ణమునకు రెండు మూడు రూపములను చేర్చి, అవి ఒకదాని తరువాత ఒకటి వచ్చునట్లు చేయుట సాధ్యమైనది. అప్పుడు ప్రక్కప్రక్కనున్న రెండు వర్ణములు భిన్నముగా కనబడవచ్చును. అయినను ఆ రూపములకు సంఖ్యానియతి కలదు. పుటనంతను పరిశీలించినచో ఆ రెండు మూడు రూపములే తిరిగి తిరిగి వచ్చుట తెలియును. నిజమైన అరుగుదలకు అట్టి నియతి లేదు.

ప్రయోజనములు

ఈ అక్షరము శీర్షికలకు ఒప్పును, గ్రంథభాగమునకు ఒప్పదు. పెద్ద పరిమాణమున దాని అంచుల వంకరలు కంటికి ఇంపుగా కనబడును. పరిమాణము తగ్గిన కొలది ఆ వంకరలు మరకలవలె మారును. పొడవైన పంక్తులలో ప్రతి అక్షరమును 'నేను పాతదానను' అని పిలుచుచుండగా చదువరి దృష్టి అర్థమునుండి రూపమునకు మరలును. కాస్లన్ స్వయముగా చెక్కిన అక్షరములకు దీనికి విరుద్ధమైన గుణము కలదు. అవి పంక్తిలో తమ్ము తాము మరుగుపరచుకొనును.

అందుచేత కాస్లన్ ఆంటీక్ నాటకముల ప్రకటనలపైన, భీతిగొల్పు కథల పుస్తకముల అట్టలపైన, పాటల రికార్డుల కవరులపైన, చారిత్రకస్థలముల సూచికాఫలకములపైన ఎక్కువగా వాడుకకు వచ్చినది. వీనిలో జగత్ప్రసిద్ధమైనది 'లే మిజరాబ్ల్' సంగీతనాటకపు పేరుపలక. విక్టర్ హ్యూగో 1862లో ప్రకటించిన నవల దానికి మూలము. 1985లో లండనున ప్రదర్శితమైన ఇంగ్లీషు నాటకమునకు, ఎమిల్ బయార్ గీచిన కొసెత్ చిత్రముతోపాటు, ఈ అక్షరము గుర్తుగా నిలిచినది.

ఇందలి కాలసంకరమును గమనింతము. పదునైదవ శతాబ్ది పేరుతో జన్మించి, పదునెనిమిదవ శతాబ్ది ఇంగ్లీషువాని పేరు ధరించి, పందొమ్మిదవ శతాబ్ది చివర చికాగోలో రూపొందిన అక్షరము పందొమ్మిదవ శతాబ్ది పూర్వభాగపు ఫ్రాన్సు కథకు గుర్తైనది. ప్రేక్షకులకు ఇందు ఏ అసంగతమును తోచదు. చినిగిన గుడ్డలతో నిలిచిన బాలిక చిత్రమునకును, అంచులు చితికిన అక్షరమునకును సామ్యము కుదిరినది. ఇచ్చట అక్షరము కాలమును చెప్పుట లేదు, దైన్యమును చెప్పుచున్నది. ఇది సముచితమైన అలంకారము. రంగస్థలముపై రాజు ధరించిన కిరీటము బంగారుపూత పూసిన అట్టయని యెరిగియే ప్రేక్షకుడు ఆనందించును. అట్టిదానిని వంచనమనరాదు.

కాని ఈ వేషమునందును అజ్ఞానము చొరబడుట కలదు. పాతదనము కోరు ఇంగ్లీషు నామఫలకములపై 'ది' అను పదమునకు బదులు 'యీ' అని చదువబడు రూపము కనబడును. పూర్వపు ఇంగ్లీషు లిపిలో 'థార్న్' అను అక్షరము 'ద' కారమును పోలిన ధ్వనికి ఉండెడిది. చేతివ్రాతలో అది క్రమముగా 'వై' అను అక్షరమును పోలెను. అచ్చులో దాని స్థానమున 'వై' వాడిరి. పూర్వులు దానిని 'ది' అనియే చదివిరి. నేటివారు కనబడినట్లు చదువుటచేత ఎన్నడును లేని పదమొకటి పాతపదమై కూర్చున్నది. మరియు పదునెనిమిదవ శతాబ్ది చివరివరకు ఇంగ్లీషు అచ్చులో పదమధ్యమున 'ఎస్' అక్షరమునకు పొడవైన వేరొక రూపముండెడిది. ఆ కాలమును అనుకరించు ఫలకములపై సాధారణముగా అది కనబడదు. చదువుటకు అడ్డగు పాతదనమును విడిచి, చూచుటకు ఇంపగు పాతదనమును మాత్రమే వేషము గ్రహించుచున్నది.

సాక్ష్యవిచారము

అక్షరము నిజముగా సాక్ష్యమిచ్చు విధమును రెండు ఉదాహరణములతో చూపుదుము.

1623లో వెలువడిన షేక్‌స్పియర్ నాటకముల మొదటి ఫోలియోను చార్ల్‌టన్ హిన్‌మన్ అను పండితుడు పరిశీలించెను. వాషింగ్టను నగరపు ఫోల్జర్ గ్రంథాలయమునందలి పెక్కు ప్రతులను తాను నిర్మించిన యంత్రముతో పోల్చి చూచెను. దెబ్బతిన్న అక్షరములను ఒక్కొక్కదానిని గుర్తించి, ఏ పుటలో కనబడిన విరిగిన అక్షరము మరల ఏ పుటలో కనబడినదో లెక్కించెను. దానినిబట్టి ఆ గ్రంథపు పుటలను ఏ వరుసలో కూర్చిరో, ఏ వరుసలో అచ్చువేసిరో నిరూపించెను. 1963లో ప్రకటితమైన ఆ పరిశోధనమునకు ఆధారము అక్షరముల గాయములు. ప్రతి గాయమును వేరువేరుగా ఉండుటచేతనే అది సాధ్యమైనది. కల్పితమైన గాయములతో అట్టి నిరూపణము అసాధ్యము.

రెండవది కూటముద్రణల వృత్తాంతము. ఇంగ్లండున గ్రంథసంగ్రాహకుడుగా మిక్కిలి పేరుపొందిన థామస్ వైజ్ ద్వారా ప్రచారములోనికి వచ్చిన పందొమ్మిదవ శతాబ్ది కరపుస్తకములు కొన్ని కలవు. వానిలో ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ గీతములు 1847లో రెడింగ్ పట్టణమున అచ్చైనట్లు చెప్పుకొన్న ప్రతి ప్రధానమైనది. 1934లో జాన్ కార్టర్, గ్రాహం పొలార్డ్ అను ఇరువురు పరిశోధకులు వానిని పరీక్షించిరి. కాగితమున రసాయనవిధానముతో చేసిన కొయ్యగుజ్జు కనబడినది. 1847 నాటికి అట్టి కాగితము లేదు. అక్షరములలో 'ఎఫ్', 'జె' అనువాని కొసలు ప్రక్క అక్షరముపైకి చొచ్చుకొనిపోక కుదించియుండెను. ఆ పోతశాల అక్షరములలో ఆ రూపము 1880లకు ముందు లేదు. పుస్తకముపై వేసిన సంవత్సరమును కాగితమును, అక్షరమును కలిసి ఖండించినవి. కూటశాసనపరీక్షకును దీనికిని భేదము లేదు.

ఈ విధానము నేటికిని చెల్లుచున్నది. 2017లో పాకిస్తాన్ సుప్రీంకోర్టు నియమించిన దర్యాప్తుబృందము, 2006 తేదీ కల ఒక పత్రము 'కాలిబ్రి' అక్షరముతో ఉన్నదనియు, ఆ అక్షరము 2007కు ముందు సాధారణ వాణిజ్యవ్యాప్తిలో లేదనియు తన నివేదికలో ఎత్తిచూపినది. పత్రము కంప్యూటరుపై సిద్ధమైనదైనను అక్షరపు పుట్టినకాలమే ప్రశ్నకు మూలమైనది.

ఈ ఉదాహరణములనుండి ఒక సూత్రము తేలుచున్నది. అక్షరము 'ఇంతకు ముందు కాదు' అని చెప్పగలదు. 'ఇంతకు తరువాత కాదు' అని చెప్పలేదు. క్రొత్త అక్షరము పాత పుస్తకమున కనబడుట అసంభవము. పాత అక్షరము క్రొత్త పుస్తకమున కనబడుట నిత్యము జరుగునదే. 1844 నాటి దినచర్య యిందుకు నిదర్శనము.

తెలుగు పరిశోధకునకు దీని ఉపయోగము

మన గ్రంథాలయములలో ముఖపత్రము పోయిన తెలుగు పుస్తకములు పెక్కు కలవు. వాని కాలమును ఊహించుటకు వలపలగిలక, అరసున్న, శకటరేఫము మొదలగు గుర్తులను ఆధారముగా తీసికొనుట మన అలవాటు. ఇవి పనికివచ్చు ఆధారములే. కాని పైసూత్రమును ఇక్కడను మరువరాదు. వలపలగిలక కనబడినంతమాత్రమున పుస్తకము ప్రాచీనమని నిశ్చయింపరాదు. ముద్రాపకుని కేసులో పాత అక్షరము మిగిలియుండవచ్చును. సంపాదకునికి పాతరూపమునందు గౌరవముండవచ్చును. లేదా పాతప్రతిని ఛాయాచిత్రముగా తీసి పునర్ముద్రించియుండవచ్చును.

ఈ కడపటిది ప్రత్యేకముగా గమనింపవలసినది. ఛాయాముద్రణమున అరుగుదల కల్పితము కాదు. మూలప్రతిలోని గాయములే యథాతథముగా వచ్చును. ఆ పుటలో అక్షరము సత్యమే చెప్పును. అయితే అది మూలముద్రణనుగూర్చి చెప్పును, చేతిలోని ప్రతినిగూర్చి కాదు. కాగితము ఆ ప్రతినిగూర్చి చెప్పును. ఈ రెంటిని కలిపి వినవలెను.

నేటి పరిశోధకవిద్యార్థులు పాత తెలుగు పుస్తకములను అధికముగా కంప్యూటరు తెరపై చదువుచున్నారు. ఇందువలన కలిగిన మేలు గొప్పది. కాని తెరపై కాగితము కనబడదు. దాని మందము, నార, వాసన తెలియవు. కార్టర్, పొలార్డ్‌లకు తోడైన రెండు సాక్షులలో ఒకటి మనకు దూరమైనది. మిగిలిన సాక్షియైన అక్షరముపై భారమంతయు పడుచున్నది. ఆ సాక్షిని ప్రశ్నించు విధానము తెలియనిచో పునర్ముద్రణమును మొదటి ముద్రణమనియు, ఒక పాఠమును దానికంటె పూర్వపాఠమనియు భ్రమించి, ఆ భ్రమపై పాఠపరిష్కరణమును నిలుపు ప్రమాదము కలదు. కావ్యపరిష్కర్తకు ఇది చిన్న విషయము కాదు.

కనుక విద్యార్థులకు మేము మూడు పరీక్షలను సూచింతుము. ఒకే పుటలో ఒకే వర్ణమును కనీసము పదిచోట్ల పోల్చి చూడవలెను. అరుగుదల అన్నిట ఒక్కటిగా ఉన్నచో అది అలంకారము. ముఖపత్రపు అక్షరమును లోపలి పుటల అక్షరముతో పోల్చవలెను. ముఖపత్రము వేషధారి కావచ్చును, లోపలి పుటలు వేషము వేయుట అరుదు. అక్షరములతోపాటు అంకెలను, విరామచిహ్నములను, పుటసంఖ్యల స్థానమును పరిశీలింపవలెను. అనుకరించువాడు అక్షరములపై చూపిన శ్రద్ధను వీనిపై చూపడు.

నిష్కర్ష

కాస్లన్ ఆంటీక్ చరిత్రలో మూడు అసంబద్ధములు కలవు. దాని మొదటి పేరు దాని కాలము కాదు. రెండవ పేరు దాని కర్తది కాదు. దాని అరుగుదల దాని వాడుకవలన కలిగినది కాదు. అయినను అలంకారముగా అది తన పనిని చక్కగా నెరవేర్చుచున్నది. దానిని శీర్షికలయందు వాడుట దోషము కాదు. అది కలిగించు ప్రాచీనతాభావమును ప్రాచీనతకు నిదర్శనముగా గ్రహించుటయే దోషము.

గతమును ప్రేమించువారికి గతముయొక్క వేషమును సత్యమని నమ్ము ప్రమాదము ఇతరులకంటె ఎక్కువ. పరిశోధకుడు ఆ ప్రేమను విడువనక్కరలేదు. అరిగిన అక్షరము కనబడినపుడు అది దేనివలన అరిగినది, ఎవరి చేతిలో అరిగినది, ప్రక్కనున్న దాని తోడి అక్షరము కూడ అట్లే అరిగినదా అని ప్రశ్నించినచో చాలును. పాత తెలుగు ముద్రణల అక్షరములను ఈ దృష్టితో, ముద్రణాలయమునకొక పట్టికగా, దెబ్బతిన్న అక్షరముల ఛాయాచిత్రములతోకూడ సేకరించు పని మన విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలు చేపట్టదగినది. ఆ సేకరణము సిద్ధమైననాడు ముఖపత్రము లేని పుస్తకమునకును పుట్టినయిల్లు చెప్పగలుగుదుము.